రంగు చూసి వంశం చెప్పలేం

పసిఫిక్ సముద్రంలో న్యూగినీకి తూర్పున బూగన్‌విల్ అని ఒక దీవి ఉంది. అక్కడి స్థానికుల మేని ఛాయ ప్రపంచంలోని అతి నల్లని ఛాయల్లో ఒకటి. ఆ దీవి మనిషినీ పడమటి ఆఫ్రికాలోని సెనెగల్ మనిషినీ పక్కపక్కన నిలబెడితే ఎవరైనా ఇద్దరూ ఒక జాతివాళ్లే అంటారు. ఆ పక్కన నార్వే మనిషిని నిలబెడితే, ఇతనికి వాళ్లతో ఏ చుట్టరికమూ లేదంటారు. ముగ్గురి జన్యువులూ చదివి లెక్కగడితే జవాబు తిరగబడుతుంది. బూగన్‌విల్ మనిషికి దగ్గరి చుట్టం నార్వే మనిషి, దూరపు చుట్టం సెనెగల్ మనిషి. ఆఫ్రికా దాటి వచ్చిన జనమంతా, అంటే యూరప్, ఆసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల వాళ్లంతా ఒకే కొమ్మకు చెందినవాళ్లు. ఆ కొమ్మ చీలిన తర్వాతే వీళ్లలో కొందరు తెల్లబడ్డారు, కొందరు నల్లగానే ఉండిపోయారు. కంటికి ముందుగా కనిపించే గుర్తే మనల్ని అన్నిటికంటే ఎక్కువ మోసం చేస్తోంది. ఎందుకంటే ప్రకృతి వరణం గట్టిగా పనిచేసిన చోట మనుషుల పోలిక చుట్టరికం వల్ల రానక్కర్లేదు. ఒకే ఎండ, ఒకే అవసరం చాలు.

ఈ మాటకు అంకెల ఆధారం ఉంది. 1972లో రిచర్డ్ లెవాంటిన్ రక్తంలోని ప్రొటీన్ల తేడాలు లెక్కించి, మనుషుల మధ్య ఉన్న జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఏ ఒక్క జనసమూహం లోపలైనా కనిపిస్తుందని తేల్చాడు. ఖండాల మధ్య తేడాల వాటా చాలా చిన్నది. ఆ తర్వాత డీఎన్ఏ మీద చేసిన లెక్కలు కూడా అటూఇటూగా అదే చెప్పాయి. 2002లో జాన్ రెల్‌ఫోర్డ్ చర్మపు రంగును అదే పద్ధతిలో లెక్కగడితే కథ అడ్డం తిరిగింది. రంగులోని తేడాల్లో 88 శాతం భూభాగాల మధ్యనే ఉంది. మిగతా జన్యువులన్నీ ఒకవైపు, రంగు ఒక్కటీ మరోవైపు. మామూలుగా కాలక్రమంలో యాదృచ్ఛికంగా జరిగే మార్పులు జన్యువులన్నిటి మీదా ఒకే తీరున ముద్ర వేస్తాయి. ఒక్క లక్షణం మాత్రం ఇంతగా విడివడి నిలిచిందంటే దాన్ని ఏదో ప్రత్యేకంగా పట్టి లాగి ఉండాలి. పాతకాలపు పండితులు ఈ విడ్డూరమైన లక్షణాన్నే తీసుకుని మనుషులను జాతులుగా విడగొట్టారు. మిగతా లక్షణాలన్నీ ఇలాగే ఉంటాయని ఊహించుకోవడం వాళ్లు చేసిన అసలు పొరపాటు.

ముందు చర్మం లోపలి సంగతి చూద్దాం. నల్లనివాళ్ల ఒంట్లో రంగు తయారుచేసే కణాలు ఎక్కువ ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు. ఆ కణాల పేరు మెలనోసైట్లు. చర్మం పైపొరకు అడుగున ఇవి కొలువుదీరి ఉంటాయి. శరీరంలో ఒక్కో భాగంలో వీటి సంఖ్య మారుతుంది గాని, ఒకే భాగంలో లెక్కపెడితే నల్లని మనిషికీ తెల్లని మనిషికీ దాదాపు సమానమే. తేడా అంతా అవి తయారుచేసే సరుకులో ఉంది. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఇవి మెలనిన్‌ను తయారుచేసి, మెలనోసోములనే చిన్న సంచుల్లో నింపి, పొరుగు కణాలకు అందిస్తాయి. నల్లని చర్మంలో ఆ సంచులు పెద్దవి, నిండుగా ఉంటాయి, విడివిడిగా పరుచుకుంటాయి. తెల్లని చర్మంలో అవి చిన్నవి, గుంపులుగా ఉంటాయి, పైకి వచ్చేలోపే చాలావరకు విచ్ఛిన్నమైపోతాయి. మెలనిన్‌లోనూ నలుపు-గోధుమ రకం, ఎరుపు-పసుపు రకం అని రెండున్నాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ముచ్చటైన విషయం ఒకటి కనబడుతుంది. పొరుగు కణంలోకి చేరిన మెలనోసోములు ఎక్కడ పడితే అక్కడ ఉండవు. ఎండ వచ్చే వైపున, సరిగ్గా కేంద్రకం పైన గొడుగు పట్టినట్టు చేరతాయి. కేంద్రకంలో ఉన్నది డీఎన్ఏ. మెలనిన్ ఎవరికి కాపలా కాస్తోందో ఆ అమరికే చెబుతోంది.

ఈ గొడుగు మనకు మొదటి నుంచీ లేదు. చింపాంజీ బొచ్చు పాయ తీసి చూస్తే లోపలి చర్మం పాలిపోయినట్టుంటుంది. మన పూర్వీకులూ అలాగే ఉండి ఉంటారు. ఆఫ్రికా మైదానాల్లో ఎండలో తిరుగుతూ, చెమటతో ఒళ్లు చల్లబరచుకునే పద్ధతికి మారే క్రమంలో బొచ్చు పోయింది. బొచ్చు పోయాక ఎండ నేరుగా చర్మానికి తగిలింది. మెలనిన్ రకాన్ని నిర్ణయించే ఎంసీ1ఆర్ అనే జన్యువులో దీని జాడ దొరుకుతుంది. 2000లో రోసలిండ్ హార్డింగ్ బృందం ఈ జన్యువును పరిశీలిస్తే, యూరప్ వాళ్లలో ప్రొటీన్‌ను మార్చే రకరకాల మార్పులు కనిపించాయి. ఎర్ర జుట్టుకు కారణమయ్యేవి కూడా వాటిలోనే ఉన్నాయి. ఆఫ్రికా వాళ్లలో ప్రొటీన్‌ను మార్చేది ఒక్కటీ దొరకలేదు. మార్పులు అక్కడా పుట్టే ఉంటాయి. పుట్టినవి పుట్టినట్టే ఏరివేతకు గురయ్యాయి. ప్రొటీన్‌ను మార్చని మూగ మార్పులు ఎన్ని పోగయ్యాయో చూసి, ఈ కాపలా ఎప్పుడు మొదలైందో అంచనా కట్టవచ్చు. అలా లెక్కగట్టి అలన్ రోజర్స్ బృందం 2004లో కనీసం 12 లక్షల ఏళ్ల కిందటే మన పూర్వీకులు నల్లబడ్డారని చెప్పింది. అప్పటికి మన జాతి, హోమో సేపియన్స్, పుట్టనేలేదు.

నల్లదనం దేనికి అక్కరకొచ్చింది? చర్మ క్యాన్సర్ నుంచి కాపాడడానికి అన్నది వెంటనే తోచే జవాబు. దీనికి పాత అభ్యంతరం ఒకటుంది. చర్మ క్యాన్సర్ ఎక్కువగా పిల్లల్ని కని పెంచేసిన వయసులో వస్తుంది. వారసులను ఇచ్చేసిన మనిషి పోయినా ప్రకృతి వరణానికి పట్టదు. అభ్యంతరం బలమైనదే గాని, అది చల్లని దేశాల అనుభవం నుంచి పుట్టింది. టాంజానియా, నైజీరియాల్లో మెలనిన్ లేకుండా పుట్టిన అల్బినోలకు పడుచు వయసులోనే చర్మ క్యాన్సర్లు వచ్చి ప్రాణం తీస్తున్నాయని వైద్యుల రికార్డులు చెబుతున్నాయి. బ్రిటన్ శాస్త్రజ్ఞుడు మెల్ గ్రీవ్స్ 2014లో ఈ ఆధారంతోనే క్యాన్సర్ వాదానికి మళ్లీ ప్రాణం పోశాడు. అయితే అల్బినోకు మెలనిన్ బొత్తిగా లేదు. కొంచెం తక్కువ నలుపున్న మనిషికి కూడా అంత ప్రమాదమా అంటే చెప్పడం కష్టం. అందుకే నాకు రెండో జవాబు ఎక్కువ బరువైనదిగా తోస్తుంది. అది ఫోలేట్ సంగతి.

ఫోలేట్ ఒక బి విటమిన్. కణం విభజన చెందాలన్నా, కొత్త డీఎన్ఏ తయారవ్వాలన్నా ఇది కావాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఇవాళ ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఉన్నది అదే. గర్భం దాల్చిన తొలి వారాల్లో, చాలాసార్లు ఆ విషయం తల్లికే తెలియక ముందు, పిండంలో వెన్నుపాము, మెదడు ఏర్పడే నాళం మూసుకోవాలి. ఫోలేట్ చాలకపోతే అది సరిగా మూసుకోదు. అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు ముందుగానే ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్లీ ఆ లోపం వచ్చే అవకాశం 72 శాతం తగ్గిందని బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పలు దేశాల్లో జరిపిన పరీక్ష 1991లో తేల్చింది. దీనికీ ఎండకూ లంకె 1978లో దొరికింది. బ్రాండా, ఈటన్ అనే ఇద్దరు పరిశోధకులు రక్తంలోని ప్లాస్మా మీద ఎండ లాంటి కాంతిని ప్రసరింపజేస్తే ఫోలేట్ విరిగిపోయింది. చర్మవ్యాధులకు అతినీలలోహిత కాంతి చికిత్స తీసుకునే తెల్లని రోగుల రక్తంలోనూ ఫోలేట్ తక్కువగా కనిపించింది. ఆ తర్వాతి కొలతలన్నీ ఒకే తీరున రాలేదన్నది నిజం. కానీ ఇది పుట్టబోయే బిడ్డకు నేరుగా తగిలే దెబ్బ కాబట్టి, క్యాన్సర్ వాదానికున్న వయసు చిక్కు దీనికి లేదు. ఎండ తీవ్రత స్వల్పంగా పనిచేసినా, లక్షల ఏళ్ల మీద ఆ స్వల్పమే చాలు.

మరి అంత మంచి గొడుగును కొందరు ఎందుకు వదులుకున్నారు? మెలనిన్ అడ్డుకునే కిరణాల్లో అవసరమైనవీ ఉన్నాయి. యూవీ-బి అనే అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మంలోని ఒక కొలెస్టరాల్ బంధువు విటమిన్ డి గా మారే పని మొదలవుతుంది. విటమిన్ డి చాలకపోతే పేగుల నుంచి కాల్షియం ఒంటికి పట్టదు. పిల్లలకు రికెట్స్ వచ్చి కాళ్లు వంగిపోతాయి. ఆడపిల్లకు కటి ఎముకలు వంకర తిరిగితే పెద్దయ్యాక కాన్పు ప్రాణం మీదికొస్తుంది. 1979లో కైద్‌బే బృందం చర్మం పైపొరను వేరుచేసి కొలిచింది. తెల్లని పైపొర గుండా సగటున 24 శాతం యూవీ-బి లోపలికి దిగుతుంటే, నల్లని పైపొర గుండా 7.4 శాతమే దిగింది. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా ఎండ దండిగా ఉంటుంది గనక ఆ 7 శాతమే ఎక్కువ. ఉత్తరానికి పోయేకొద్దీ సూర్యుడు వాలుగా కాస్తాడు, యూవీ-బి వాతావరణంలోనే ఇంకిపోతుంది. 1988లో హోలిక్ బృందం బోస్టన్‌లో చేసిన పరీక్షలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మబ్బు లేని రోజున ఆరుబయట పెట్టినా చర్మంలో విటమిన్ డి తయారీ మొదలవ్వలేదు. ఇంకా ఉత్తరాన ఉన్న కెనడా నగరం ఎడ్మంటన్‌లో ఆ విరామం అక్టోబరు నుంచి మార్చి దాకా సాగింది. ఆ దేశాల్లో మందమైన గొడుగు పట్టుకున్నవాడికి నష్టమే. 2000లో నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ నాసా ఉపగ్రహం కొలిచిన అతినీలలోహిత కాంతి పటాన్నీ, ప్రపంచ జనసమూహాల చర్మపు కొలతలనూ పక్కపక్కన పెట్టారు. చర్మం రంగును ఎండ తగలని చోట, జబ్బ లోపలి వైపున, కాంతి ఎంత తిరిగొస్తోందో చూసి కొలుస్తారు. రెండు పటాలూ చాలావరకు ఒకదానిమీద ఒకటి కుదిరాయి. ఫోలేట్‌ను కాపాడుకోవడం ఒక వైపు, విటమిన్ డి తయారుచేసుకోవడం మరో వైపు లాగుతుంటే, ఎక్కడి ఎండకు తగిన మధ్య రంగు అక్కడ నిలిచిందన్నది వాళ్ల వాదం.

చాలావరకు అన్నాను. కుదరనివాళ్లూ ఉన్నారు. ఆర్కిటిక్ మంచులో బతికే ఇన్యూట్లు అక్కడి ఎండకు ఉండాల్సినంత తెల్లగా లేరు. వాళ్లు తినే సముద్రపు చేప, సీల్ కాలేయం నిండా విటమిన్ డి ఉంది. నోటి ద్వారా వస్తుంటే చర్మం శ్రమపడాల్సిన పనిలేదు. అమెజాన్ అడవుల స్థానికులు సరిగ్గా భూమధ్యరేఖ మీద ఉన్నా కాంగో వాళ్లంత నల్లగా లేరు. వాళ్ల పూర్వీకులు ఆసియా ఉత్తరం నుంచి అమెరికాకు వచ్చి 15 వేల ఏళ్లకు కాస్త అటూఇటూ. వరణానికి సమయం కావాలి, పట్టుకోవడానికి తగిన మార్పు కూడా ఆ జనంలో ముందు పుట్టాలి. మనకు దగ్గరగా వచ్చే అభ్యంతరం ఇంకొకటి. దక్షిణ భారతంలో ఎండకు కొదవేమిటి, అయినా ఇన్ని విటమిన్ డి లోపాలేమిటి? తిరుపతి పరిసరాల్లో చేసిన సర్వేల్లో పట్నవాసుల్లోనే కాదు, పల్లెవాసుల్లో కూడా లోపం బయటపడింది. అయితే పొలం పనుల్లో ఎండన ఉండే పల్లెవాసుల రక్తంలో పట్నంవాళ్లకంటే విటమిన్ డి ఎక్కువే ఉంది. నల్లని చర్మం ఎండలో ఎక్కువసేపు గడిపే జీవితానికి కుదిరిన ఏర్పాటు. నీడ పట్టున ఉద్యోగం చేసేవాడికి ఆ లెక్క తప్పుతుంది. 1960ల్లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు వలసపోయిన భారత, పాకిస్తాన్ కుటుంబాల పిల్లల్లో రికెట్స్ తిరిగి కనిపించడం ఇదే లెక్కకు మరో కొస. ఈ అభ్యంతరాలు వాదాన్ని పడగొట్టవు. ఎండతో పాటు తిండినీ, కాలాన్నీ లెక్కలో కలపాలని మాత్రం చెబుతాయి.

ఇంతవరకూ చెప్పింది పటాల మీద, పోలికల మీద నడిచిన వాదం. జన్యువు చేతికి చిక్కింది 2005లో, అదీ ఒక చేపలో. జీబ్రా చేప దక్షిణాసియా వాగుల్లో, పంట కాల్వల్లో తిరిగే చిన్న చారల చేప. ప్రయోగశాలల్లో దాని చారలు వెలసిపోయిన రకం ఒకటుంది, దాన్ని గోల్డెన్ అంటారు. పెన్సిల్వేనియాలో కీత్ చెంగ్ బృందం దాన్ని పరిశీలిస్తే మెలనోసోములు చిన్నవై, పలచబడి కనిపించాయి; అచ్చం తెల్లని మనుషుల చర్మంలో మాదిరే. చెడిన జన్యువును పట్టుకుని, అదే జన్యువు మనిషి రూపాన్ని చేప పిండంలోకి ఎక్కిస్తే చారలు మళ్లీ నల్లబడ్డాయి. దాని పేరు ఎస్‌ఎల్‌సీ24ఏ5. సుమారు 500 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌కు సూత్రం అందులో ఉంది. 111వ స్థానంలో ఆఫ్రికా, తూర్పు ఆసియా వాళ్లలో దాదాపు అందరికీ అలనిన్ ఉంటే, యూరప్‌లో దాదాపు అందరికీ థ్రియోనిన్ ఉంది. డీఎన్ఏలో 'జి' ఉండాల్సిన చోట 'ఏ' పడింది, అంతే. ఆఫ్రికా, యూరప్ రంగుల తేడాలో 25 నుంచి 38 శాతం ఈ ఒక్క అక్షరం పనే అని వాళ్ల అంచనా. వరణం జరిగిందనడానికి సాక్ష్యం ఆ అక్షరం చుట్టూ ఉంది. ఏదైనా మార్పు మెల్లగా యాదృచ్ఛికంగా వ్యాపిస్తే తరతరాలుగా తల్లి వాటా, తండ్రి వాటా కలబోసుకుని దాని చుట్టుపక్కల అక్షరాలు చెదిరిపోతాయి. లాభం చేకూర్చే మార్పు వడిగా వ్యాపిస్తే చెదిరే వ్యవధి ఉండదు. చుట్టూ ఉన్నవి కూడా దానితో పాటే అందరికీ అంటుకుంటాయి. యూరప్ వాళ్లలో ఈ జన్యువు చుట్టూ దాదాపు లక్షన్నర అక్షరాల పొడవున వైవిధ్యం ఇంచుమించు తుడిచిపెట్టుకుపోయి ఉంది.

ఇక్కడే విటమిన్ డి వాదానికి అసలైన పరీక్ష ఎదురైంది. ఆధునిక మానవుడు యూరప్‌లో అడుగుపెట్టి 45 వేల ఏళ్లయింది. ఎండ తక్కువే కారణమైతే చాలా ముందే తెల్లబడి ఉండాలి. స్పెయిన్‌లోని లా బ్రానా గుహలో దొరికిన 7 వేల ఏళ్ల నాటి వేటగాడి డీఎన్ఏను 2014లో చదివితే, కళ్లు నీలం, చర్మం మాత్రం నల్లనిదయ్యే అవకాశం ఎక్కువని తేలింది. తెల్లదనపు అక్షరాలు అతనిలో లేవు. ఇంగ్లండ్‌లో 10 వేల ఏళ్ల నాటి చెడ్డర్ మనిషి గురించీ 2018లో అలాంటి ఫలితమే వస్తే అక్కడి పత్రికల్లో పెద్ద గొడవే అయింది. నేటి మనుషుల లెక్కలతో ప్రాచీనుల రంగును ఊహించడం ఎంతవరకు సబబని కొందరు శాస్త్రజ్ఞులే సందేహించారు, ఆ జాగ్రత్త అవసరమే. ఎంత నలుపన్నది కచ్చితంగా చెప్పలేకపోవచ్చు గాని, నేటి యూరప్ తెలుపుకు ముఖ్యమైన అక్షరాలు వాళ్లలో లేవన్నది తిరుగులేనిది. అదే కాలంలో స్వీడన్ వైపు వేటగాళ్లలో కొందరికి మాత్రం అవి ఉన్నాయి. దీనికి నాకు సరిపడే వివరణ మళ్లీ తిండిలోనే ఉంది. చేపలు, మాంసం తిన్నంతకాలం వేటగాడికి చర్మం తయారుచేసే విటమిన్ డి తప్పనిసరి కాదు. అనటోలియా (నేటి టర్కీ) నుంచి రైతులు గోధుమ, బార్లీతో యూరప్‌లోకి వచ్చారు. ధాన్యంలో విటమిన్ డి ఉండదు. ఆ రైతులే ఎస్‌ఎల్‌సీ24ఏ5 లోని 'ఏ' అక్షరాన్ని కూడా వెంట తెచ్చారు. అంటే యూరప్ తెల్లదనంలో కొంత వలస, కొంత వరణం. రెండూ ఒకే కాలంలో కలిసిపోవడంతో ఏది ఎంతో విడదీయడం కష్టం.

చైనా, జపాన్ జనం కూడా లేత రంగువాళ్లే. వాళ్లలో ఈ అక్షరం లేదు. ఓసీఏ2 అనే వేరే జన్యువులో వాళ్లకు మాత్రమే ప్రత్యేకమైన మార్పు ఉంది. ఒకే అవసరానికి రెండు చోట్ల రెండు దారులు దొరికాయి. ఆఫ్రికా లోపలి కథ ఇంకా గమ్మత్తైనది. 2017లో సారా టిష్కాఫ్ బృందం ఇథియోపియా, టాంజానియా, బోట్స్వానాల్లో రెండు వేల మందికి పైగా చర్మం కొలిచి, డీఎన్ఏ చదివింది. ఎంఎఫ్‌ఎస్‌డీ12 లాంటి కొత్త జన్యువులు అప్పుడే వెలుగులోకి వచ్చాయి. తెలుపునిచ్చే రూపాలూ నలుపునిచ్చే రూపాలూ రెండూ ఆఫ్రికాలోనే ఉన్నాయి. కొన్ని 9 లక్షల ఏళ్లకంటే పాతవి. వాటిలో దాదాపు సగం చోట్ల తెలుపునిచ్చే రూపమే ముందుది. నలుపు పాతది, తెలుపు కొత్తది, ఒకటి వెనకబాటు, రెండోది ముందడుగు అన్న పాత వరసకు ఇక్కడ ఆధారం మిగల్లేదు. అదే అధ్యయనంలో నలుపునిచ్చే ఎంఎఫ్‌ఎస్‌డీ12 రూపాలు దక్షిణాసియా జనంలోనూ, బూగన్‌విల్ లాంటి పసిఫిక్ దీవుల జనంలోనూ కనిపించాయి. కొత్తగా పుట్టినవి కావు, ఆఫ్రికా నుంచి వెంట తెచ్చుకున్న పాత సొమ్మే. బలమైన ఎండలో ఉన్నవాళ్ల దగ్గర అది నిలిచింది.

మన సంగతికి వద్దాం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో కుమారసామి తంగరాజ్ బృందం, ఎస్టోనియా, బ్రిటన్ పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. దక్షిణ భారతానికి చెందిన 1,228 మంది చర్మాన్ని కొలిచి ఎస్‌ఎల్‌సీ24ఏ5 లోని ఆ అక్షరంతో పోలిస్తే, రంగు తేడాల్లో సుమారు 27 శాతాన్ని అదొక్కటే వివరించింది. ఉపఖండంలోని 54 సముదాయాల్లో 1,573 మందిని చూస్తే 'ఏ' అక్షరం దాదాపు అంతటా ఉంది, పాళ్లు మాత్రం సముదాయానికీ సముదాయానికీ బాగా మారాయి. ఆ మార్పు ఎండ పటాన్ని అనుసరించలేదు. భాష, ప్రాంతం, వలసల చరిత్రను ఎక్కువగా అనుసరించింది. మనలోని 'ఏ', యూరప్‌లోని 'ఏ' వేరువేరుగా పుట్టలేదు, రెండూ ఒకే మూలం నుంచి దిగినవి. ఆ మూలం 22 నుంచి 28 వేల ఏళ్ల నాటిది. వరణం జాడలు ఉత్తర భారతం, పాకిస్తాన్, మధ్య ఆసియాల్లో కనిపించాయి, దక్షిణాన కనిపించలేదు. ఇక్కడ ఎవరైనా అడగొచ్చు: అయితే తెలుగునాట రంగు వంశాన్ని చెబుతున్నట్టే కదా, ఎర్రగా ఉన్నవాళ్లు బయటి నుంచి వచ్చినవాళ్లనే కదా? వెయ్యి మంది సగటు తీస్తే వలసల ఛాయ కొంత కనబడుతుంది, నిజమే. ఒక మనిషిని చూసి చెప్పబోతే మాత్రం ఆ తర్కం కూలిపోతుంది. ప్రతి జన్యువుకూ దాని సొంత వంశవృక్షం ఉంటుంది. ఒకే తెలుగు మనిషిలో ఎస్‌ఎల్‌సీ24ఏ5 యూరప్ వాళ్లతో పంచుకున్నది కావచ్చు, ఎంఎఫ్‌ఎస్‌డీ12 ఇథియోపియా వాళ్లతో పంచుకున్నది కావచ్చు. ఏ జన్యువును సాక్ష్యానికి పిలిస్తే అది ఒక్కో ముత్తాత పేరు చెబుతుంది.

దీన్ని ఇంకా దగ్గర నుంచి చూడాలంటే ఒక్క కుటుంబం చాలు. తల్లికీ తండ్రికీ ఆ చోట ఒక జి, ఒక ఏ ఉన్నాయనుకుందాం. ఇద్దరిదీ చామనఛాయ. వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ రెండు ఏ లు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, రెండు జి లు రావడానికి నాలుగింట ఒకటి, తల్లిదండ్రుల్లాగే ఉండడానికి సగం. మిగతా రంగు జన్యువులు కూడా ఇలాగే దేని పాచిక అవి వేస్తాయి. పెద్దపిల్ల పసిమి ఛాయలో, చిన్నపిల్ల నల్లగా పుడితే అమ్మ కుంకుమపువ్వు తాగలేదనో, ఇంకేదో అనో ఇంట్లో మాటలు పుడతాయి. అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకే వంశం. రంగుతో వంశాన్ని కొలిచేవాడు వీళ్లిద్దరినీ రెండు జాతుల కింద రాయాల్సి వస్తుంది.

ఇక డార్విన్ నాటి అభ్యంతరం ఒకటి మిగిలింది. 1871లో ఆయన మనుషుల్లోని జాతి భేదాలకు ప్రకృతి వరణం కన్నా లైంగిక వరణం, అంటే జతకోసం చేసే ఎంపిక, ముఖ్య కారణమని వాదించాడు. పెళ్లి ప్రకటనల్లో 'ఎర్రగా, అందంగా ఉన్న వధువు' అన్న మాటలు చదివేవాళ్లకు ఇది నిజమేననిపిస్తుంది. ఇష్టం ఉంది, కాదనను. కానీ ఇష్టం ఉన్నంత మాత్రాన వరణం జరగదు. ఎర్రనివాళ్లు నల్లనివాళ్ల కంటే ఎక్కువమంది పిల్లల్ని కని పెంచి ఉండాలి. మన దేశంలో దాదాపు అందరికీ పెళ్లయ్యేది. నల్లపిల్ల తండ్రి కట్నం ఇంకో లక్ష పోసి ఉంటాడు, సంబంధాలు ఆలస్యమై ఉంటాయి, కానీ ఆమెకు పిల్లలు తక్కువ పుట్టారనడానికి కారణమేదీ లేదు. పెట్టిన బాధ అపారం, జన్యువుల మీద పడిన ముద్ర స్వల్పం. దక్షిణాన ఈ జన్యువు మీద వరణం జాడ దొరకకపోవడం కూడా దీనికి తగ్గట్టే ఉంది. ఇప్పటి పరీక్షలు వడిగా, గట్టిగా జరిగిన వరణాన్నే పట్టగలవు, అనేక జన్యువుల మీద కొద్దికొద్దిగా జరిగినదాన్ని పట్టలేవన్నది కూడా గుర్తుంచుకోవాలి. పైగా ప్రపంచమంతటా మనుషుల అభిరుచి భౌగోళికంగా ఎండ పటంలాగే మారుతూ వచ్చిందని నిరూపించనిదే డార్విన్ వాదం ఆ పటాన్ని వివరించలేదు.

వంశం జాడ నిజంగా కావాలంటే కంటికి కనబడని చోట వెతకాలి. 2009లో తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని డేవిడ్ రైక్ తదితరులు నేచర్ పత్రికలో వెలువరించిన అధ్యయనంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వైశ్యులు దాదాపు 100 తరాలుగా ఇతరులతో కలవకుండా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటున్నారని డీఎన్ఏ నుంచి తేలింది. ఒక చిన్న మూల సమూహం నుంచి పెరిగిన సముదాయంలో ఆ మూలంలో ఎవరికో ఉన్న ఒక లోపం తరాల వెంట నిలిచిపోతుంది. ఇక్కడ నిలిచినది బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం. రోజువారీ బతుకులో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ బల్ల మీద సక్సినైల్‌కోలిన్ అనే కండరాలను సడలించే మందు ఎక్కిస్తే మాత్రం, మామూలు మనిషిలో నిమిషాల్లో దిగిపోవాల్సిన ప్రభావం దిగడానికి ఈ లోపమున్నవాళ్లలో గంటలు పడుతుంది. అంతసేపూ ఊపిరి యంత్రంతో అందించాలి. అందుకే మన దగ్గర అనుభవమున్న మత్తు డాక్టరు ఆపరేషన్‌కు ముందు వైశ్య కుటుంబాల రోగిని ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా అని అడిగి తెలుసుకుంటాడు, అనుమానముంటే వేరే మందు వాడతాడు. ఆ రోగి నల్లగా ఉన్నాడా ఎర్రగా ఉన్నాడా అన్నది అతనికి అక్కరకు రాదు.